ఇంకింగ్, కలరింగ్ పని బయటికి ఇస్తున్నారా? నాకు పెట్టిన నామం చూసి ఇవ్వండి

మా నాన్నకు నామం పెట్టుకునే అలవాటు లేదు. శివరాత్రికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయినప్పుడు ఇంత విభూతి రాసుకుంటారు, అంతే. అయినా నేను 3,500 రూపాయలు పోసి ఆన్‌లైన్‌లో చేయించిన బొమ్మలో ఆయన నుదుటి నుంచి గడ్డం దాకా నిట్టనిలువుగా ఒక నామం ఉంది. నిజానికి అది నాకు పెట్టిన నామం. చేత్తో గీసిన బొమ్మకు ఇంకింగ్ (పెన్సిల్ గీతలను ఇంకుతో దిద్దడం), డిజిటల్ కలరింగ్ (కంప్యూటర్‌లో రంగులు వేయడం) చేసిపెడతామనే పేజీలకు ఎవరైనా పని ఇవ్వబోతుంటే, డబ్బు పంపే ముందు ఇది చదవండి. ఆ పేజీ పేరు రాయడం లేదు. వాళ్లు రేపు ఇంకో పేరుతో దుకాణం తెరవగలరు. పేరు కంటే వాళ్ల పని తీరు గుర్తుపట్టడమే మనకు అక్కరకొస్తుంది.

నాది నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చిన్న ఎలక్ట్రికల్ షాపు. గిరాకీ లేనప్పుడు బిల్లు పుస్తకం వెనకాల బొమ్మలు గీసుకునే పిచ్చి ఒకటుంది. నాన్న ఆర్‌టీసీ డ్రైవరు. ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్‌కు ఒక కార్టూన్ వేయాలని రెండు నెలల ముందే అనుకున్నాను. పల్లెవెలుగు బస్సు, ముందు బోర్డు మీద ‘నల్లగొండ – దేవరకొండ’, స్టీరింగ్ దగ్గర నాన్న, కిటికీలోంచి తల బయటపెట్టిన మేకపిల్ల, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలు, రోడ్డు పక్కన కల్లు లొట్టి పట్టుకుని చెయ్యి ఊపే గౌడన్న. ఏ4 డ్రాయింగ్ షీటు మీద పెన్సిల్‌తో వేయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. పెన్సిల్ దాకా నాకు ధైర్యమే. ఇంకు అనేసరికి చెయ్యి వణుకుతుంది. కంప్యూటర్‌లో రంగులు వేయడం అసలే రాదు.

అప్పుడు కనబడింది ఆ పేజీ. నమూనా బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ‘మీ పెన్సిల్ బొమ్మకు చేత్తో ఇంకింగ్, ప్రొఫెషనల్ డిజిటల్ కలరింగ్, ప్రింటుకు సిద్ధమైన ఫైల్’ అని రాసుకున్నారు. మొత్తం 3,500, ముందు 2,000. స్కాన్ చేసి పంపమంటారా అని అడిగితే, ‘అక్కర్లేదు సర్, ఫోన్ ఫోటో చాలు, మేం చూసుకుంటాం’ అన్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఇంకింగ్ నిజంగా చేసేవాడు అడిగే మొదటి మాటే మంచి స్కాన్. కానీ జిరాక్స్ షాపు దాకా పోయే పని తప్పిందని నేను సంతోషపడ్డాను. ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీసి వాట్సాప్‌లో కొట్టాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగి చిన్నదవుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. అది కూడా చేయలేదు. ఇందులో తప్పు నాది కూడా కొంత ఉంది, దాచుకోను.

ఐదో రోజు వాటర్‌మార్క్ వేసిన ప్రివ్యూ వచ్చింది. షాపులో గిరాకీ మధ్యన ఫోన్‌లో చూశాను. అరచేతిలో ఏ బొమ్మైనా బాగానే కనబడుతుంది. మిగతా 1,500 పంపేశాను. రాత్రి ఇంటికి పోయి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే అప్పుడు తెలిసింది సంగతి.

ముఖం గీసేటప్పుడు ముందు ఒక గుడ్డు ఆకారం, దాని మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సాయం గీతలు వేసుకుంటాం కదా. అడ్డగీత నాన్న కళ్లద్దాల్లో కలిసిపోయింది. నిలువుది సన్నగా మిగిలిపోయింది. ఇంకింగ్ చేసే మనిషికి ఏ గీత ఉంచాలో, ఏది వదిలేయాలో తెలుస్తుంది, ఆ పనికే మనం డబ్బిచ్చేది. వీళ్లు ఆ నిలువు గీతను కూడా నల్లగా దిద్దారు. పైగా షీటు మూలన నేను పెట్టిన చాయ్ మరక ఒకటుంది. అది బస్సు టాప్ మీద ముదురు గోధుమరంగు మూటగా తేలింది, దాని చుట్టూ చక్కగా ఔట్‌లైన్ కూడా ఉంది. కాగితం గరుకుదనం వల్ల పడ్డ చుక్కలన్నీ నల్ల మచ్చలై గౌడన్న చొక్కా నిండా ఉన్నాయి. మనిషి చెయ్యి పడిన పని అయితే చాయ్ మరకకు ఔట్‌లైన్ ఎవడూ గీయడు.

జరిగింది ఏంటంటే, కోరల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్ లాంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లలో ఫోటోను గీతలుగా మార్చే ట్రేస్ అనే సదుపాయం ఉంటుంది. ఫోటో పెట్టి నొక్కితే ఒక హద్దు కంటే ముదురుగా ఉన్నదంతా నలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు అయిపోతుంది. పెన్సిల్ గీత నలుపు కాదు, బూడిద రంగు. ఒత్తి గీసిన చోట గడ్డకడుతుంది, తేలిగ్గా గీసిన చోట తెగిపోతుంది. మేకపిల్ల చెవి కింద నేను దగ్గరదగ్గరగా వేసిన గళ్ల గీతలు కలిసిపోయి బొగ్గు ముద్ద అయ్యాయి. మంచి ఇంకు గీత అట్లా ఉండదు. బాపు బొమ్మ ఏదైనా దగ్గర పెట్టుకుని చూడండి, ఒక్క గీతలోనే మందం ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ సన్నబడుతుందో. మన సూర్యాపేట శేఖర్ కార్టూన్లు పేపర్లో చూసి పెరిగినవాణ్ణి, గీతలో జీవం ఉందో లేదో ఆ మాత్రం నాకూ తెలుసు. ఈ ఫైల్‌లో గీత మందం మారుతోంది కానీ ఎందుకు మారుతోందో దానికే తెలియదు.

సరే, గీతలు పోతే పోయాయి, రంగన్నా సరిచేయించుకుందాం అనుకున్నాను. నాన్న ఖాకీ చొక్కాను నిమ్మపండు రంగు చేశారు. ముప్పై ఏళ్లు ఖాకీ తొడిగిన మనిషికి అది చిన్న విషయం కాదు. చొక్కా రంగు ఒక్కటి మార్చండి అంటే, మూడు రోజులు పడుతుంది, ఇంకో 800 ఇవ్వాలి అన్నారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. సరిగ్గా చేసిన ఫైల్‌లో గీతలు పైన ఒక లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక షీటు లాంటిది), రంగులు కింద వేరే లేయర్, నీడలు ఇంకో లేయర్. గీతల లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో పెడితే తెల్లదనం మాయమై కింద రంగు కనబడుతుంది. అట్లా ఉంటే చొక్కా రంగు మార్చడం రెండు నిమిషాల పని. మూడు రోజులు అడిగారంటే లేయర్లే లేవు. ఒకే జేపీజీ మీద బకెట్ టూల్‌తో (నొక్కితే గీతల మధ్య ఖాళీ అంతా ఒకే రంగు నింపేది) రంగు గుమ్మరించారు. గీతకూ రంగుకూ మధ్య సన్నటి తెల్ల అంచు వెంట్రుకలాగా మిగిలిపోయింది. రంగును గీత కిందికి ఒకటి రెండు పిక్సెళ్లు (కంప్యూటర్ బొమ్మలోని చుక్కలు) జరపాలి. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే మాట అది. లేయర్లున్న పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) ఇవ్వండి అని అడిగితే ‘సోర్స్ ఫైల్‌కు వేరే చార్జ్ సర్’ అన్నారు. లేని ఫైల్‌కు చార్జ్!

గట్టిగా మాట్లాడితే నాలుగో రోజు ఇంకోటి పంపారు. అది ఇంకా విచిత్రం. ఏఐలో వేసి తీసినట్టున్నారు. నునుపుగా, మెరుస్తూ ఉంది. నామం పోయింది, దాంతోపాటు నాన్న కూడా పోయారు. స్టీరింగ్ దగ్గర ఎవరో సినిమా హీరో కూర్చున్నాడు. ఫుట్‌బోర్డు మీద ఒక పిల్లగాడి చేతికి ఆరు వేళ్లు. బోర్డు మీద ‘నల్లగొండ – దేవరకొండ’ ఉండాల్సిన చోట తెలుగులా కనిపించే వంకరలు, ఏ ఊరి బస్సో ఆ దేవుడికే తెలియాలి. అమ్మకు చూపిస్తే ‘ఈ పిల్లగాడు ఎవర్రా, మంచిగున్నడు’ అంది. ఏఐ వాడటం తప్పని నేను అనను, చెప్పి వాడితే అది వాళ్ల ధర వాళ్ల ఇష్టం. చేత్తో ఇంకింగ్ అని డబ్బు తీసుకుని ఇట్లా చేస్తే దానికి ఇంకో పేరుంది.

అప్పటికీ మొదటి ఫైల్‌నే ఫ్లెక్సీ వేయిద్దామని ప్రకాశం బజార్‌లో తెలిసిన ప్రింటింగ్ ఆయన దగ్గరికి పోయాను. ఆయన తెరిచి చూసి, ‘అన్నా, ఇది 1600 బై 1130 పిక్సెల్సే. పోస్టుకార్డంత వస్తది, అంతే’ అన్నాడు. నేను పేజీవాళ్లకు ఫోన్ చేస్తే ‘300 డీపీఐ ఉంది సర్, ప్రాపర్టీస్‌లో చూడండి’ అన్నారు. డీపీఐ అంటే ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు పడతాయనే లెక్క. చూస్తే నిజంగానే 300 అని ఉంది! ప్రింటింగ్ ఆయన నవ్వి చెప్పాడు, ఆ 300 అనేది ఉత్త చీటీ, ఏ ఫైల్‌కైనా అంటించొచ్చు. లెక్క పెట్టాల్సింది పిక్సెళ్లు. ఏ4 సైజు బొమ్మ 300 డీపీఐలో రావాలంటే 3508 బై 2480 పిక్సెళ్లు ఉండాలి. నా ఫైల్‌ను ఆరడుగుల వెడల్పు ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 22 పిక్సెళ్లు పడతాయి. ఫ్లెక్సీని దూరం నుంచే చూస్తాం, 72 ఉన్నా నడుస్తుంది, 22 మాత్రం మెట్లు మెట్లుగా కనబడుతుంది. రంగులు కూడా స్క్రీన్ మీద వెలిగే ఆర్‌జీబీలో ఉన్నాయి. ప్రింటుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతి సీఎంవైకేకి మార్చగానే బస్సు పచ్చదనం పాచి పట్టినట్టయింది. కార్డులు ఆఫ్‌సెట్‌లో (ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు పెట్టి అచ్చువేసే పద్ధతి) వేయిస్తే ఇంకో తంటా కూడా ఉందట. నల్ల గీతలు నలుపు ఇంకు ఒక్కదానితోనే పడేలా ఫైల్ ఉండాలి. నాలుగు ఇంకులూ కలిసిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన రంగు నీడ పడుతుంది. ‘ప్రింటుకు సిద్ధమైన ఫైల్’ అంటే ఇవన్నీ చూసి ఇచ్చేదని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

కాబట్టి పని ఇచ్చేముందు నా మాటగా ఒక్కటి పట్టుకోండి: రంగు పడకముందే గీతలు చూపించమనండి. ఉత్త నలుపు తెలుపు ఇంకింగ్, పూర్తి సైజులో, వాటర్‌మార్క్ వేసుకున్నా సరే. కంప్యూటర్‌లో పెద్దది చేసి ముఖం, చేతులు, అక్షరాలు చూడండి. అది నచ్చాకే రెండో విడత డబ్బు. ఎన్ని పిక్సెళ్లు ఇస్తారో, లేయర్ల ఫైల్ ఇస్తారో లేదో, ఎన్ని మార్పులు ఉచితమో, ఏఐ వాడతారో లేదో చాటింగ్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది. నమూనా బొమ్మలను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. నేను ఆలస్యంగా వెతికాను. వాళ్లు చూపించిన వాటిలో రెండు వేరే దేశం ఆర్టిస్టులవి. ఇంకో మాట, నా బొమ్మను కూడా వాళ్ల పేజీలో ‘మా స్టూడియో పని’ అని పెట్టుకున్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాడిదే హక్కు, రంగు వేసినంత మాత్రాన వాళ్లది అయిపోదు. ఆ పోస్టు మీద రిపోర్ట్ కొడితే రెండు రోజుల్లో తీసేశారు. ఆ ఒక్క పని మాత్రం సాఫీగా జరిగింది.

బొమ్మ చివరికి ఎట్లా అయిందని అడుగుతారేమో. ఫంక్షన్‌కు తొమ్మిది రోజులే ఉంది. షాపులో అమ్ముడుపోని ఒక ఎల్‌ఈడీ ప్యానెల్ తీసి, రెండు స్టూళ్ల మధ్య అద్దం పెట్టి దాని కింద బిగించాను. పెన్సిల్ షీటు కింద, తెల్ల కాగితం పైన. గీతలన్నీ కిందనుంచి తేటగా కనబడ్డాయి. అసలు బొమ్మ భద్రంగా ఉంది కాబట్టి చెయ్యి వణకలేదు, తప్పితే ఇంకో కాగితం, అంతే కదా! ఇన్నేళ్లూ ఈ సంగతి తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. 0.3, 0.5 మి.మీ. పిగ్మెంట్ పెన్నులు (ఆరాక అలుక్కుపోని ఇంకువి) వాడాను. జెల్ పెన్నుతో చేయకండి, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. నాన్న కళ్లద్దాలు మూడోసారికి కుదిరాయి. జిరాక్స్ షాపులో మామూలుగా 200 డీపీఐలో పీడీఎఫ్ చేసి ఇస్తారు. 600 పెట్టి పీఎన్‌జీలో ఇవ్వమని దగ్గరుండి చేయించుకోవాలి. మా చిన్నమ్మ కొడుకు మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాడు, వాడు ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేశాడు. ఖాకీ కోసం నాన్న పాత చొక్కా పక్కన పెట్టుకుని కలిపాడు. కార్డులకు టైం చాల్లేదు, ఫ్లెక్సీ మాత్రం అందింది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, ‘మేకపిల్లకు టికెట్ కొట్టిండ్రా లేదా?’ అని అడిగారు.

డబ్బు సంగతి. మనిషి డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాలకు. నాకు చెత్తో చెదారమో ఏదో ఒకటి ఇచ్చారు కాబట్టి నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడు ఏ ఊర్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదులు అన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నాను. ఫిర్యాదు పోయిన వారానికి పేజీవాళ్ల దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, 1,500 వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు తీసేయండి అని. ముందు డబ్బు వేయండి, తర్వాత చూద్దాం అన్నాను. ఇప్పటికి పన్నెండు రోజులైంది, ఇంకా పడలేదు.