పాంథియాన్ పక్కన 123 యూరోలు, బారిలో 42

రోమ్‌లో పాంథియాన్ అనే పురాతన గుడి దగ్గర మావారు, అత్తయ్య, నేను ముగ్గురం ఒక్క పూట తిన్నందుకు 123 యూరోలు వదిలాయి. దక్షిణ ఇటలీలోని బారి అనే ఊళ్లో అదే ముగ్గురం కడుపునిండా తిని 42 ఇచ్చాం. ఇటలీకి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి, అందులోనూ శాకాహారులకి, పనికొస్తుందని రాస్తున్నా.

ముందు రోమ్ సంగతి. గుమ్మం బయట ఒకతను నిలబడి దారినపోయేవాళ్లని ఇంగ్లీషులో పిలుస్తున్నాడు. మెనూ నిండా ఫొటోలు. మావారు చేప ఎంతని అడిగితే వెయిటర్ "ఏడున్నర" అన్నాడు. బిల్లులో చేపకి 60 పడింది! ఏడున్నర 100 గ్రాముల రేటట, చేప 800 గ్రాములు తూగిందట. మెనూ అడుగున కంటికి ఆనని అక్షరాలు చూపించాడు కానీ, తూకం మాత్రం చూపించలేదు. అడగకుండా తెచ్చిపెట్టిన బ్రెడ్డుకి 9, నీళ్లకి 6, రెండు పాస్తాలకి 32, ఆపైన 15 శాతం సర్వీసు. కూర్చున్నందుకు మనిషికింత అని వేసే 'కొపెర్తో' రోమ్ ఉన్న లాట్సియో ప్రాంతంలో 2006 నుంచి చట్టప్రకారం వేయకూడదు. అందుకని బ్రెడ్డు పేరుతో లాగుతారు. అది వద్దనుకుంటే ముట్టుకోకముందే వెనక్కి పంపేయండి. మావారు సాయంత్రం దాకా నోరు విప్పలేదు. "నన్ను తిప్పడానికి వచ్చి మీకింత ఖర్చు" అని అత్తయ్య ఒకటే బాధ.

రోమ్‌లో మిగతా రోజులు బాగానే గడిచాయి. అక్కణ్ణుంచి రైల్లో బారికి నాలుగు గంటల పైనే పట్టింది.

బారి పాత ఊళ్లో కోట ఎదురుగా ఆర్కో బాస్సో అనే సందు ఉంది. ఆడవాళ్లు ఇళ్ల ముందు చెక్క బల్లలు వేసుకుని ఒరెక్కియెత్తె అనే పాస్తా చేస్తుంటారు. దక్షిణ ఇటలీ పాస్తా కాబట్టి గుడ్డు ఉండదు, గోధుమ రవ్వపిండీ నీళ్లే. పిండిని సన్నని తాడులా సాగదీసి, చిన్న ముక్క కోసి, మొద్దు చాకుతో బల్ల మీద ఒక్క లాగు లాగి, బొటనవేలి మీద తిరగేస్తారు. అత్తయ్య అలా చూస్తూ చూస్తూ, "అమ్మాయ్, ఇవి మన గవ్వలే కదే!" అన్నారు. పాస్తా చేస్తున్న పెద్దావిడకి ఏమర్థమైందో గానీ కాస్త పిండి తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. అత్తయ్య బల్ల మీద బొటనవేలితో నొక్కి దొర్లించేసరికి గవ్వ తయారైంది. ఆవిడ దాన్ని తీసుకుని పక్కావిడకి చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పావుగంట అక్కడే! అరకిలో 5 యూరోలకి కొన్నాం. ఫ్యాక్టరీ సరుకుని చేత్తో చేసిందని అమ్ముతున్నారని 2024లో ఇక్కడ పెద్ద గొడవే అయింది. అందుకని కళ్లముందు చేస్తున్నవాళ్ల దగ్గరే కొనండి. చేత్తో చేసినవి ఏ రెండూ ఒక్కలా ఉండవు.

రాత్రి భోజనం సందులో ఒక చిన్న హోటల్లో. ఫావె ఎ చికోరియా 9 యూరోలు. బాకలా అనే ఒక రకం చిక్కుడు గింజల ఎండు పప్పుని మెత్తగా ఉడికించి, పక్కన కాస్త చేదుగా ఉండే ఉడికించిన ఆకుకూర పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె పోస్తారు. రోమ్‌లో మూడు ముద్దలకే పళ్లెం పక్కన పెట్టిన అత్తయ్య ఇక్కడ బ్రెడ్డుతో గిన్నె తుడిచి మరీ తిన్నారు. మా ఇద్దరికీ చీమె ది రాపా ఆకుకూరతో ఒరెక్కియెత్తె, పదేసి యూరోలు. ఈ కూరలో ఆంచొవీ అనే చిన్న చేపల్ని నూనెలో కరిగించేస్తారు, కంటికి కనపడవు. శాకాహారులు "సెంజా అచ్చూగె" (ఆంచొవీ లేకుండా) అని ముందే గట్టిగా చెప్పాలి. పార్మిజానో, పెకొరీనో చీజుల్లోనూ పాలు విరగడానికి దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసే రెన్నెట్ మామూలుగా వేస్తారు. ఇక్కడ చాలా పాస్తాల మీద చీజుకి బదులు వేయించిన బ్రెడ్డు పొడి చల్లుతారు, అత్తయ్యలాంటివాళ్లకి అదే మేలు. నీళ్లు 2, వైన్ 5, కొపెర్తో ముగ్గురికీ 6. ఇక్కడ కొపెర్తో మెనూలోనే స్పష్టంగా రాసి ఉంది, ఇవ్వడానికి మాకేం బాధనిపించలేదు. మావారు టిప్పు కూడా పెట్టి, మర్నాడు మళ్లీ ఇక్కడికే వద్దామన్నారు.

ఒక్కటే ఇబ్బంది. మధ్యాహ్నం మూడు దాటితే వంటిళ్లు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. పెద్దవాళ్లకి షుగర్ ఉంటే టెన్షనే. అప్పుడు బేకరీలే దిక్కు. సాన్ నికోలా చర్చి దగ్గరున్న పానిఫిచ్చో ఫియోరెలో ఫొకాచ్చా అనే రొట్టె తీసుకోండి. పిండిలో ఉడికించిన బంగాళాదుంప కలిపి, పైన టమాటాలు, ఆలివ్‌లు అద్ది కాలుస్తారు. 3 యూరోల ముక్కతో ఒక మనిషికి సాయంత్రం గడిచిపోతుంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి, హోటల్ గదికి తీసుకెళ్తే అడుగు మెత్తబడిపోతుంది.