ఎం.జి.బి.లో కూలెంట్, రేడియేటర్: విశాఖ ఎండల్లో ఐదేళ్లు వాడాక

అల్యూమినియం రేడియేటర్ వేయించాలా అని ఈ మధ్య ఇద్దరు అడిగారు. ఇద్దరికీ ఒకటే చెప్పా, ముందు నీ కారు ఎంత నీళ్లు ఉంచుకుంటుందో చూసుకో, కొనడం తర్వాత. ఈ మాట నాకు ముందే తెలిసుంటే ముప్పై ఎనిమిది వేలు మిగిలేవి.

నాది 1969 ఎం.జి.బి. రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, పోత ఇనుప బ్లాక్. సిస్టమ్ మొత్తానికి పట్టేది ఐదున్నర లీటర్లు. మూత రేడియేటర్ నెత్తి మీదే ఉంటుంది, పక్కన సీసా గీసా ఏమీ లేదు. మొదటి వేసవిలో పొద్దున్నే మూత తీయడం, నీళ్లు అంగుళం దిగాయని కంగారుపడి మెడ దాకా పోయడం, సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక చక్కర్ కొట్టి వచ్చేసరికి బండి కింద మడుగు. లీక్ అనుకుని హోస్ పైపులు మార్చా, వాటర్ పంప్ కూడా మార్చా. చివరికి గాజువాక ఆటోనగర్‌లో, జీవితమంతా అంబాసిడర్లు విప్పిన ఒక బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే (అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజనూ దీనిదీ ఒకే బి-సిరీస్ కుటుంబం, అందుకే వెళ్లా) ఆయన బానెట్ ఎత్తి నవ్వాడు. "నువ్ పోసిందే అది కక్కేస్తంది బాబూ. దానికెంత కావాలో అంతే ఉంచుకుంటాది, వదిలీ."

అంతే సంగతి. వేడికి నీళ్లు ఉబ్బుతాయి, మెడ దాకా నింపితే ఉబ్బడానికి చోటుండదు, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి పోతాయి. రేడియేటర్ లోపలి ట్యూబులు మునిగి పైన అంగుళం ఖాళీగా ఉంటే అదే లెవెల్. ఐస్‌క్రీం పుల్ల మీద గీత గీసి, రోజూ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముంచి చూశా. రెండు వారాలు గీత దగ్గరే ఉంది.

కానీ రేడియేటర్ అప్పటికే ఆర్డర్ పెట్టేశాను. ఎందుకంటే మే నెలలో ఒక సాయంత్రం హనుమంతవాక జంక్షన్లో ఇరుక్కుపోయి, ముల్లు 212 దాటి (డయల్ ఫారన్‌హీట్‌లో ఉంటుంది, అంటే 100 సెల్సియస్), హీటర్ ట్యాప్ తెరిచి, బ్లోయర్ వేసుకుని, ఆ ఉక్కలో కాళ్ల మీదకి వేడిగాలి కొట్టించుకుంటూ కూర్చున్నా. హీటర్ కూడా ఒక బుల్లి రేడియేటరే, పని చేస్తుంది, కానీ పక్కన ఆటోలో కూర్చున్నాయన నా చెమట చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రెండు వరసల ట్యూబులున్న అల్యూమినియం కోర్ (నీళ్లు చల్లారే జాలీ భాగం) ఉన్న రేడియేటర్ వచ్చింది, వేయించా. భీమిలి రోడ్డు మీద తేడా బాగా తెలిసింది. ట్రాఫిక్‌లో మాత్రం దాదాపు ఏమీ లేదు, బండి ఆగి ఉంటే గాలి ఆడేదే ఫ్యాన్ వల్ల కదా. అప్పుడు బాబాయ్ బ్లాక్ వెనకవైపు డ్రెయిన్ ట్యాప్ విప్పించాడు. చుక్క రాలేదు. సన్న తీగతో పొడిస్తే ముందు కాఫీ రంగు నీళ్లు, తర్వాత తుప్పు బురద పెచ్చులు పెచ్చులుగా, పిడికెడు కాదు, పావు మగ్గు. యాభై ఏళ్ల మడ్డి అంతా నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుపోయింది. అది కడిగాక థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్) మూత మీద నా టెంపరేచర్ గన్‌లో ఏడు డిగ్రీలు తగ్గింది, దీనికైన ఖర్చు ఆయన కూలీ, రెండు టీలు. థర్మోస్టాట్ తీసి పారేద్దామని ఇంకో షాపులో సలహా ఇచ్చారు, దయచేసి వినకండి, ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే అరిగిపోతుంది. 82 డిగ్రీల సెల్సియస్‌కి తెరుచుకునేది తీసి వేడి దేశాలకి చెప్పే 74 వేసుకున్నా, చాలు.

తర్వాత రేడియేటర్ ముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించా. వెనక నుంచి లాగే ఫ్యాన్ మంచిదే కానీ ఈ బండిలో అక్కడ చోటు లేదు. ట్రాఫిక్ సమస్య తీర్చింది ఇదే. ఇబ్బందల్లా రాత్రిపూట ఐడిలింగ్‌లో హెడ్‌లైట్లు, ఫ్యాన్ కలిసి ఆన్‌లో ఉంటే లైట్లు నీరసపడతాయి, పాత ఆల్టర్నేటర్ తట్టుకోలేదు.

నాలుగో ఏడు అల్యూమినియం రేడియేటర్ ఫిన్లు (ట్యూబుల మధ్య పల్చటి రేకులు) తెల్లటి పొడిలా రాలడం మొదలైంది, ఆ తర్వాత కింది మూల చెమ్మ. సముద్రపు గాలి అని తిట్టుకున్నా. మల్టీమీటర్ ఒక కొస కూలెంట్‌లో, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి ఫ్యాన్ వేస్తే 0.4 వోల్టులు. ఫ్యాన్ ఎర్త్ వైరు రేడియేటర్ బ్రాకెట్‌కే బిగించింది నేనే. కూలెంట్‌లోంచి కరెంటు పారితే అల్యూమినియంని లోపల్నించి తినేస్తుంది. కాబట్టి సరుకు చెడ్డదని అనలేను, కానీ మన ఊరి ఉప్పు గాలికి అది రెండో ఛాన్స్ ఇవ్వదు.

ఇప్పుడు పాత ఇత్తడి రేడియేటర్‌కే కొత్త రాగి కోర్ వేయించి ఏడాదిన్నర. బరువే, కానీ ఎక్కడైనా కారితే సాయంత్రానికల్లా టంకం పెట్టి ఇచ్చేస్తారు. 10 పీఎస్‌ఐ మూత (పీఎస్‌ఐ అంటే లోపలి ఒత్తిడి కొలత, ఒక్కో పీఎస్‌ఐకి మరిగే వేడి సుమారు డిగ్రీన్నర సెల్సియస్ పెరుగుతుంది, అలాగని పాత కోర్ మీద 15 పెడితే అతుకులు ఊడతాయి), ఆ మూతకి వెనక్కి పీల్చుకునే వాల్వ్, పక్కన ఒక ప్లాస్టిక్ సీసా, గొట్టం చివర ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండేలా. ఉబ్బినప్పుడు సీసాలోకి, చల్లారాక వెనక్కి. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం పాతరకం ఆకుపచ్చ కూలెంట్, రెండేళ్లకోసారి మార్పు.

డిసెంబర్లో అరకు వెళ్లొచ్చాం. అనంతగిరి ఘాట్ రెండో గేర్లో ఎక్కుతున్నా ముల్లు 190 దాటలేదు. హీటర్ ట్యాప్ గాస్కెట్ దగ్గర మాత్రం ఇంకా చుక్క చుక్క కారుతోంది, ఈ ఆదివారం దాని పని పట్టాలి.