‘ఎక్కడ బిగిస్తావు?’ అని అడిగి ఇచ్చే నట్టు బోల్టుల కొట్టు

చేపల రేవులో 18 ఏళ్లుగా బోటు ఇంజిన్ల పని చేస్తున్నాను. మాకు అసలు పని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న రోజుల్లోనే. విప్పిన ప్రతి నట్టూ మళ్లీ బిగించేది నేనే. నడిసముద్రంలో అది వదులైతే ఏడెనిమిది మంది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే నట్లు ఎక్కడ కొంటానన్నది నాకు చిన్న విషయం కాదు. గాజువాక ఆటోనగర్‌లో నాలుగేళ్లుగా వెళ్తున్న కొట్టు గురించి ఇది.

కొట్టు ఇరుకు. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. కౌంటరు దగ్గర కూర్చునే పెద్దాయనను అందరం బాబాయ్ అంటాం. మొదటిసారి వెళ్లి, “ఎం12 నైలాక్ నట్లు నలభై ఇవ్వండి బాబాయ్, స్ప్రింగు వాషర్లు కూడా” అన్నాను. ఎం12 అంటే 12 మిల్లీమీటర్ల మందం బోల్టుకు పట్టేది, నైలాక్ అంటే ఊడిపోకుండా లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు, స్ప్రింగు వాషరు అంటే నట్టు కింద వేసే తెగిన చుట్టలాంటి రింగు. ఆయన చెయ్యి ట్రే మీదికి పోలేదు. “ఏటి బాబూ, ఎక్కడ బిగిస్తావు? వేడి తగుల్తాదా? ఎన్నిసార్లు విప్పుతావు?” అని అడిగారు.

ఆ మాట విన్నాకే నాకు అంతకుముందు ఏడాది జరిగింది అర్థమైంది. వేరే కొట్టులో సైజు చెప్పగానే కవరులో పోసిచ్చిన నైలాక్ నట్లనే సైలెన్సరు ఫ్లాంజికి కూడా బిగించాను. మూడో వేటకే బోటు ఇంజిను గది పొగతో నిండి తిరిగొచ్చింది. విప్పి చూస్తే నట్టులో ఉండాల్సిన నైలాన్ రింగు కరిగి నల్లటి మసిగా మిగిలింది. ఆ రింగు సుమారు 120 డిగ్రీల వరకే ఆగుతుంది, ఎగ్జాస్టు వేడి దానికంటే చాలా ఎక్కువ. అలాంటి చోట నైలాన్ లేకుండా, పైమరలను కొద్దిగా నొక్కి వంచిన ఇనుప లాక్ నట్టు వాడాలి. బాబాయ్ ఇచ్చిన ఆ రకం నట్లు రెండు సీజన్లు గడిచినా పట్టు వదల్లేదు.

రెండో సంగతి పొడవు. వల లాగే వించి బేసుకు నేను 50 మిల్లీమీటర్ల బోల్టులు అడిగాను. ఆయన మామూలు నట్టునీ నైలాక్‌నీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఎం12లో మామూలుది 10 మిల్లీమీటర్ల ఎత్తు, నైలాక్ 12. రింగు ఉండేది పైభాగంలో. బోల్టు దాన్ని దాటి కనీసం రెండు మరలు బయటికి రాకపోతే లాకే లేదు. 55 బోల్టులే తీసుకెళ్లాను. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు మొదటి రోజు నేర్పేది ఇప్పుడు ఇదే.

స్ప్రింగు వాషర్లు మాత్రం ఇవ్వనన్నారు. నాకు కోపం వచ్చింది, మా గురువు దగ్గర్నుంచీ వాడుతున్నవి కదా. వాళ్లబ్బాయి ఫోనులో ఒక పరీక్ష చూపించాడు. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లోనే తేల్చిన విషయమట: బిగించిన ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జరిగితే మరల్లో రాపిడి పట్టు తప్పి నట్టు తనంతట తానే తిరిగిపోతుంది. 8.8 (బలాన్ని చెప్పే గ్రేడు) బోల్టును సరిగా బిగిస్తే స్ప్రింగు వాషరు చదునైపోతుంది, ఇక అది మామూలు వాషరే. వించికి వచ్చే ఊపు సరిగ్గా అలాంటి అడ్డం ఊపే.

ఇక్కడ నైలాక్ గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. అది నట్టును ఊడి పడిపోనివ్వదు. కానీ అడ్డం ఊపు ఎక్కువైతే బిగువు తగ్గకుండా ఆపలేదు. పానా తిప్పేటప్పుడు నైలాన్ వల్ల బరువుగా అనిపిస్తుంది, దాన్నే బిగువనుకుని ఆపేసేవాళ్లను చాలామందిని చూశాను. ఎం12, 8.8 బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి, నైలాన్ బరువు దాని మీద అదనం. బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచి లేకుండా ఈ పని చెయ్యకండి. విప్పిన నైలాక్ చేత్తో తిరిగిపోతుంటే అవతల పారెయ్యండి.

ఇంజిన్ కాళ్లకు వాళ్లబ్బాయి సలహా మీద జంట వెడ్జ్ వాషర్లు కొన్నాను. రెండింటి మధ్య ఏటవాలు పళ్లుంటాయి. ఆ వాలు బోల్టు మర వాలు కంటే ఎక్కువ కాబట్టి, నట్టు వెనక్కి తిరగబోతే బోల్టు ఇంకా లాగబడి బిగుసుకుంటుంది. ధర చూస్తే గుండె ఆగుతుంది, అందుకే ఒక్క బోటుకే ఎనిమిది జతలు. బిగించాక నట్టు మీద, బేసు మీద కలిపి పసుపు రంగు గీత గీశాను. నాలుగు నెలల తర్వాత చూసినా గీత విరగలేదు.

ఇక ఫిర్యాదు. ఉప్పుగాలికి జింకు పూత నిలవదని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, స్టెయిన్‌లెస్ నైలాక్‌లు అడిగితే, బాబాయ్ లేని రోజు కౌంటరులో ఉన్న కుర్రాడు ఒక్క ప్రశ్న లేకుండా ఇచ్చేశాడు. గాలి గన్నుతో బిగిస్తే మూడు నట్లు సగంలోనే పట్టేశాయి, ముందుకూ పోవు, వెనక్కీ రావు. బోల్టులు కోసి తీశాం. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ వేగంగా తిప్పితే వేడికి మరలు అతుక్కుంటాయి. మరలు పట్టెయ్యకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు పూసి చేతి పానాతో నిదానంగా బిగించాలి. ఈ మాట ఆ కొట్టులో గోడ మీద రాసి పెట్టాలని బాబాయ్‌కి చెప్పాను, ఇంకా పెట్టలేదు. చిల్లరగా తీసుకుంటే బోల్టు తల మీద 8.8 ముద్ర మీరే చూసుకోండి, ఒకసారి ట్రేలో ముద్ర లేనివి కలిసి వచ్చాయి. అడిగితే మార్చిచ్చారు.

ఆదివారం మూత. వెళ్లేటప్పుడు పాత బోల్టు ఒకటి, బిగించే చోటు ఫోటో ఒకటి పట్టుకెళ్లండి. బాబాయ్ ఉదయం పూటే ఉంటారు.