క్లిఫ్‌టాప్ కొండమీద ఫిడేళ్ల జాతర

మా నాయనమ్మ నోట వయొలిన్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడకది ఫిడేలే. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఫిడేలు నాయుడు గారని పిలుచుకున్న రోజులు చూసిన మనిషి. నేను నేర్చుకునే నాటికి ఆ మాట పాతబడింది. అమెరికా వచ్చాక అసలే వినబడలేదు. గత వేసవిలో వెస్ట్ వర్జీనియా కొండల్లో, గుడారం ముందు మడతకుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన మా అమ్మాయి చేతిలోని పెట్టె వైపు చూసి “ఫిడేలా?” అని అడిగేసరికి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

ఆ చోటు పేరు క్లిఫ్‌టాప్. అక్కడి క్యాంప్ వాషింగ్టన్ కార్వర్‌లో 1990లో మొదలైంది అప్పలాచియన్ స్ట్రింగ్ బ్యాండ్ మ్యూజిక్ ఫెస్టివల్. ఏటా జూలై చివర, ఆగస్టు మొదట్లో బుధవారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. ఫిడేలు, బాంజో, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బాస్, ఈ నాలుగూ కలిస్తే వాళ్ల తీగవాద్య బృందం. వాయించేది ఓల్డ్ టైమ్ అని వాళ్లు పిలుచుకునే పాత కొండసంగీతం. బ్లూగ్రాస్ పేరు మనలో కొందరికి తెలుసు. అది 1940లలో బిల్ మన్రో చేతుల్లో రూపుకట్టిన సంగీతం. ఒకరి తరువాత ఒకరు ముందుకొచ్చి తమ పనితనం చూపిస్తారు. ఓల్డ్ టైమ్‌లో అలా వంతులుండవు. అందరూ ఒకే వరసను కలిసి వాయిస్తారు, పది నిమిషాలైనా సరే, మళ్లీ మళ్లీ. భజనలో కూర్చున్నవారికి ఆ మళ్లీ మళ్లీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మేముండేది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో. అక్కడి నుంచి కారులో ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. దారిలో మౌంట్ ఎయిరీ వస్తుంది. అదీ ఫిడేళ్ల ఊరే, 1972 నుంచి జూన్‌లో అక్కడా ఇలాంటి పోటీలు జరుగుతున్నాయి. మోరిస్‌విల్, షార్లెట్‌లలో ఉన్నవాళ్లు దూరం వెళ్లలేకపోతే అది దగ్గర. ఆపైన 77వ నంబరు హైవే మీద ఈస్ట్ రివర్ మౌంటెన్ సొరంగం. వర్జీనియాలో లోపలికి దూరి వెస్ట్ వర్జీనియాలో బయటపడతాం. బెక్లీ దాటాక 41వ నంబరు రోడ్డు న్యూ రివర్‌ను దాటి కొండెక్కుతుంది. మలుపుల మీద మలుపులు. వాంతులయ్యే పిల్లలుంటే ముందే మందు వేయండి. బెక్లీలోనే పెట్రోలు పోయించుకోండి, ఐసు కొనుక్కోండి, ఫోనులో మ్యాపు దించి పెట్టుకోండి. కొండ మీద మా ఫోన్లకు సిగ్నల్ అందలేదు.

బస విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. గుడారంలో పడుకోవడమంటే నాకు భయం. అందుకని ముప్పావు గంట దూరంలో ఒక మోటల్‌లో మూడు రాత్రులకు గది తీసుకున్నాను. గురువారం సాయంత్రం ఉత్సవానికి వెళ్లి, తొమ్మిదిన్నరకు బయలుదేరి వచ్చేశాం. కారు గేటు దాటుతుంటే ఒక్కో గుడారం ముందూ లాంతర్లు వెలుగుతున్నాయి, జనం కుర్చీలు గుండ్రంగా వేసుకుంటున్నారు. అసలు సంగీతం అప్పుడు మొదలవుతోంది! మా అమ్మాయి వెనక అద్దంలోంచి చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. దారంతా పొగమంచు, రోడ్డు మీదికొచ్చే జింకలు. గది చేరేసరికి దుప్పటి మీద పాత మరకలు, స్నానాల గదిలో సన్నటి ధార. పొద్దున్నే మిగతా రెండు రాత్రులూ వద్దన్నాం. ఒక్క డాలరు తిరిగివ్వలేదు. అడిగినప్పుడు ముందు గుమస్తా ఇస్తామన్నాడు, తరువాత మేనేజరు కుదరదన్నాడు. ఆ డబ్బు పోతే పోయిందనుకుని, మధ్యాహ్నం కునుకు తీయడానికని తెచ్చుకున్న చిన్న గుడారాన్నే ఇల్లు చేసుకున్నాం.

కాబట్టి క్లిఫ్‌టాప్‌కు వెళ్తే లోపలే ఉండండి. ఇందులో నాకు రెండో మాట లేదు. వేదిక మీద పోటీలు బాగుంటాయి. ఫిడేలుకు, బాంజోకు, సంప్రదాయ బృందాలకు, కొత్త పోకడల బృందాలకు, నాట్యానికి వేర్వేరుగా జరుగుతాయి. కానీ జనం అంత దూరం వచ్చేది వాటికోసం కాదు. చాలామంది వేదిక వైపే వెళ్లరు. ఉత్సవానికి ముందే వచ్చి పందిళ్లు వేసుకుని కూర్చునేవాళ్లున్నారు. మాలాగా శుక్రవారం చేరినవాళ్లకు మిగిలేది పల్లపు నేలే. మాకదే దొరికింది. ఆ రాత్రి రెండింటికి వాన మొదలై గుడారం అడుగున నీళ్లు చేరాయి. మావారు లేచి ఫిడేలు పెట్టెను కారులోకి చేర్చారు, మేం ముగ్గురం తెల్లారేదాకా తడి దుప్పట్లలో కూర్చున్నాం. గుడారం చుట్టూ తవ్వకుండానే నీరు పక్కకుపోయే ఎత్తు చూసుకోవాలని, పైన వేసే టార్పాలిన్ గుడారం కంటే వెడల్పుగా ఉండాలని, వాద్యాన్ని ఎప్పుడూ నేలమీద పెట్టకూడదని పొద్దున పక్క గుడారం పెద్దాయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, తన దగ్గరున్న టార్పాలిన్ తెచ్చి కట్టి వెళ్లాడు.

కరెంటు మీద ఆశ పెట్టుకోకండి. నీళ్లు పట్టుకోవడానికి క్యాను తీసుకెళ్లండి. స్నానానికి నేను తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాను, ఇబ్బంది లేకుండా అయిపోయింది. గుడారం కుదరదనుకునేవారికి దగ్గర్లో బాబ్‌కాక్ స్టేట్ పార్కులో కాబిన్లున్నాయి. మోటల్ కంటే అది వెయ్యి రెట్లు నయం, అయితే చాలా నెలల ముందే మాట్లాడుకోవాలి. తిండి అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది, శాకాహారులకు మాత్రం కొంచెం కష్టం. ఆ ప్రాంతపు వంట చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె. వినడానికి మన తిండిలాగే ఉంటుంది, తీరా గింజల్లో పంది మాంసం వేసి ఉడికిస్తారు. అడిగి తినాలి. మేం గ్యాసు పొయ్యి మీద అన్నం వండుకుని గోంగూర పచ్చడితో గడిపాం.

ఇక అసలు సంగతికి వస్తాను. శుక్రవారం మధ్యాహ్నం మా అమ్మాయి పెద్దాయన వాళ్ల వలయానికి కాస్త దూరంగా కూర్చుని వింటోంది. దానికి పన్నెండేళ్లు, బడి ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. అక్కడో మర్యాద ఉంది: వాయిస్తున్నవారి మధ్యలోకి చొరబడి పెట్టె తెరవకూడదు. వెనక వరసలో కూర్చుని, వరస పట్టుబడేదాకా సన్నగా కలపాలి. ఒక గిటారు, ఒక బాస్ ఉన్నచోటికి రెండోది తీసుకెళ్లకూడదు. పెద్దాయన అమ్మాయిని చూసి కుర్చీ జరిపాడు. తన ఫిడేలు దాని చెవి దగ్గర పెట్టి నాలుగు తీగలూ ఒకదాని తరువాత ఒకటి మీటాడు. నేను తుళ్లిపడ్డాను. సా, పా, సా, పా!

మామూలు పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ తీగలు జీ, డీ, ఏ, ఈ. వీళ్లు కొన్ని వరసలకు కింది రెండు తీగలనూ ఒక్కో స్వరం పెంచి ఏ, ఈ, ఏ, ఈ చేస్తారు. క్రాస్ ట్యూనింగ్ అంటారు. అంటే మంద్ర షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, పంచమం. మన వయొలిన్ శ్రుతి చేసేది అచ్చం ఇలాగే. నేను ఎనిమిదేళ్ల వయసులో మాస్టారి ముందు కాలు మడిచి కూర్చుని, మడమ మీద వాద్యం ఆనించుకుని విన్న మొదటి శబ్దం అదే. పెద్దాయన వాద్యాన్ని గడ్డం కింద పెట్టుకోడు, రొమ్ముకు ఆనించుకుంటాడు. కమానును చివర కాకుండా నాలుగు వేళ్ల మేర పైన పట్టుకుంటాడు. వాయించే తీగ పక్కనున్న తీగను కూడా కమానుతో తాకుతూనే ఉంటాడు, అది తంబురా లాగా కింద మోగుతూ ఉంటుంది. బాంజోకైతే శ్రుతి కోసమే అన్నట్టు ఒక పొట్టి తీగ ఉంది. ఐదో తీగ. దాని బిరడా మెడ మధ్యలో పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. కుడిచేతి గోరు పైనుంచి కిందికి తీగను కొడుతుంది, వెంటనే బొటనవేలు ఆ పొట్టి తీగను లాగి వదులుతుంది. ఆ దెబ్బనే క్లాహ్యామర్ అంటారు.

అమ్మాయి జీ తీగను బిగిస్తుంటే తెగుతుందేమోనని చేతులు వణికాయి. పెద్దాయన “నెమ్మదిగా తిప్పు, తీగ అలవాటు పడాలి” అన్నాడు. శ్రుతి కలిసిన క్షణాన వాద్యం మొత్తం గుయ్యిమంది. “అమ్మా, ఇది వేరే ఫిడేలైపోయింది!” అంది. దాని నోట ఆ మాట రావడం అదే మొదలు.

వాళ్ల వరసలు వింటుంటే రాగాలు పట్టేయాలనిపిస్తుంది. కొన్ని ఐదు స్వరాలతో అచ్చంగా మోహనంలో నడుస్తాయి. కొన్నింటిలో హరికాంభోజి స్వరాలు, దిగులుగా ఉండేవాటిలో ఖరహరప్రియ స్వరాలు. గమకం మాత్రం మనది కాదు. స్వరం మీదికి వేలు జార్చి చేరడం, కమానుతో తాళాన్ని ఊపడం, ఇవీ వాళ్ల అందాలు. మన రాగాన్ని అక్కడ వెతుక్కోవడం మానేశాకే నాకు ఆ ఊపు వినబడింది. ఒక వరస ఎప్పుడు ఆపాలో నోటితో చెప్పరు. మొదలుపెట్టిన మనిషి ఒక కాలు ముందుకు చాచి పైకెత్తుతాడు. అది చూసి అందరూ ఆ ఆవృత్తి చివర ఒక్కసారిగా ఆగిపోతారు. శనివారం రాత్రి పన్నెండు దాటాక ఒక వరసకు మా అమ్మాయిని కాలెత్తమన్నారు. అంతమంది పెద్దవాళ్లు దాని కాలు చూసి ఆగారు.

ఆ ఆవరణ మధ్యలోని పెద్ద సత్రం గురించి చెప్పకుండా ఉండలేను. పూర్తిగా చెస్ట్‌నట్ దుంగలతో కట్టారు, ఆ కలపతో కట్టిన దుంగల భవనాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు. అమెరికన్ చెస్ట్‌నట్ అడవులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సోకిన తెగులుకు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, వందల కోట్ల చెట్లు. అలాంటి దుంగ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నున్నగా, చల్లగా ఉంది. ఈ క్యాంపును 1942లో నల్లజాతి పిల్లల కోసం ప్రారంభించారు. తెల్లపిల్లల క్యాంపులకు వాళ్లను రానివ్వని రోజులవి. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ల పేర్లు అందుకే పెట్టారు. బాంజో కూడా బానిసలుగా తెచ్చిన పశ్చిమ ఆఫ్రికా మనుషులతో వచ్చిన వాద్యమే, సొరకాయ బుర్రకు తోలు బిగించిన వాద్యాల సంతతి. ఈ సంగతి తెలిసి అక్కడ బాంజో వింటే వినికిడే మారిపోతుంది. రాత్రి అదే సత్రంలో స్క్వేర్ డ్యాన్స్, జంటలు చతురస్రంగా నిలబడి ఆడే నాట్యం. పిలుపు ఇచ్చే మనిషి అడుగులు చెబుతుంటే కొత్తవాళ్లూ ఆడేయవచ్చు. మావారూ అమ్మాయీ గంటసేపు ఆడారు.

శనివారం పగలు ఎండ ఎక్కిన వేళ చుట్టుపక్కల చూసొచ్చాం. బాబ్‌కాక్ పార్కులోని గ్లేడ్ క్రీక్ పిండిమర 1976లో మూడు పాత మరల భాగాలు కలిపి కట్టింది, వాగు పక్కన ముచ్చటగా ఉంటుంది, గంట చాలు. న్యూ రివర్ గార్జ్ వంతెన 1977 నాటిది, నది మీద 876 అడుగుల ఎత్తు. చూడదగ్గదే. కానీ అంత దూరం వెళ్లి ఒక మధ్యాహ్నపు సంగీతం పోగొట్టుకున్నందుకు నాకు బాధగానే ఉంది. వంతెనను వచ్చేటప్పుడో పోయేటప్పుడో చూసుకోండి.

ఆదివారం పది గంటలకే గుడారాలు లేచిపోయాయి. టార్పాలిన్ తిరిగిచ్చేటప్పుడు పెద్దాయనకు ఒక సీసాలో గోంగూర పచ్చడి పెట్టిచ్చాను, అన్నంలో నెయ్యితో కలుపుకోవాలని చెప్పాను. వచ్చే ఏడాది మంగళవారమే రమ్మన్నాడు, ఎత్తు మీద ఓక్ చెట్టు కింద చోటు పట్టిపెడతానన్నాడు. మావారు సెలవు చీటీ రాసే పనిలో ఉన్నారు. అమ్మాయి తీగలను మళ్లీ జీ, డీకి దించడానికి బడి తెరిచేదాకా ఒప్పుకోలేదు.