కియాంతి ద్రాక్షకొండల మీద మూడు రాత్రులు

ఇటలీలోని తొస్కానా ప్రాంతంలో ఫ్లోరెన్స్ నుంచి సియేనాకు కియాంతి ద్రాక్షతోటల మీదుగా మెలికలు తిరుగుతూ సాగే 222వ నంబరు రహదారిని అక్కడివారు కియాంతిజానా అంటారు. అక్టోబరు మొదటి వారంలో మావారూ నేనూ ఆ దారిన వెళ్లి, గ్రేవే, రాద్దా ఊళ్ల మధ్య ఒక కొండ మీదున్న హోటల్లో మూడు రాత్రులు గడిపాము. ఒకప్పుడు భూస్వామి భవంతిగా, దాన్ని ఆనుకుని పాలుకు సాగు చేసే రైతుల ఇళ్లుగా ఉన్న రాతి కట్టడాలను గోడలు చెడగొట్టకుండా హోటలుగా మార్చారు. రాత్రికి 420 యూరోలు మాకు చిన్న మొత్తం కాదు కనుక, ఆ డబ్బుకు ఏది గిట్టిందో, ఏది గిట్టలేదో మొదటి రోజు నుంచే లెక్క చూసుకుంటూ వచ్చాము.

ఆరంభం బాగాలేదు. తోట వైపు గదికని ఎక్కువ కట్టి తీసుకుంటే, కిటికీ తెరవగానే కార్లు నిలిపే స్థలం కనిపించింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి, కొంచెం పక్కకు వంగి చూస్తే తోట కూడా కనిపిస్తుందని మర్యాదగానే చెప్పింది. మావారు అంతకంటే మర్యాదగా బుకింగ్ కాగితం చూపించాక, మర్నాటి ఉదయం గది మార్చారు. కొత్త గది మాత్రం నిజంగా గొప్పది: మూరెడు మందం గోడలు, చెస్ట్‌నట్ దూలాలు, కిటికీ కింద నుంచే మొదలై లోయలోకి దిగిపోయే ద్రాక్ష వరుసలు, పొద్దున్నే వాటి మధ్య నిలిచి ఉండే పొగమంచు. ఏసీ చప్పుడు కూడా లేని ఆ నిశ్శబ్దానికి అలవాటు పడడానికి మాకు ఒక రాత్రి పట్టింది.

హోటల్ ఏర్పాటు చేసిన వాటిలో నేను ముందుగా మెచ్చుకునేది తోట నడక. రెండో రోజు ఉదయం తోట బాధ్యతలు చూసే పెద్దాయన మమ్మల్ని కోతలు సాగుతున్న వరుసల్లోకి తీసుకెళ్లి, గలేస్త్రో అనే రాతిమట్టిని చేతికిచ్చి నలపమన్నారు. అది పలకలు పలకలుగా విడిపోయింది. నీరు నిలవని అటువంటి నేలలో వేళ్లు లోతుకు దిగక తప్పదని, ఆలస్యంగా పండే సాంజొవేసె ద్రాక్షకు తొక్క పలుచన కావడంతో కోతల వేళ వాన పడితే గుత్తులు కుళ్లిపోతాయని, అందుకే ఆ రోజుల్లో తనకు నిద్ర పట్టదని ఆయన చెప్పారు. వరుసల చివర గులాబీ మొక్కలు అందానికనుకున్నాను. బూడిద తెగులు వాటి మీద ముందుగా కనబడుతుందని, ఆ విధంగా పాతకాలం రైతులు జాగ్రత్త పడేవారని అప్పుడే తెలిసింది.

తరువాత నేలమాళిగలో రుచి చూపించారు. 1716లో అప్పటి తొస్కానా పాలకుడు మూడవ కొసిమో దె మెదిచి ఈ ప్రాంతపు వైన్‌కు సరిహద్దులు నిర్ణయిస్తూ శాసనం చేశాడు. ఇప్పటి నిబంధనల ప్రకారం సీసా మెడ మీద నల్లకోడి గుర్తు ఉన్న కియాంతి క్లాసికో అనే ఇక్కడి ఎర్ర వైన్‌లో కనీసం 80 శాతం సాంజొవేసె ఉండాలి. మామూలు రకం, రెండేళ్లు నిలవ ఉంచే రిసెర్వా పక్కపక్కనే తాగితే, మొదటిదానిలో నాలుకను పట్టేసే వగరు రెండోదానిలో ఎంత మెత్తబడిందో నాబోటి అనుభవం లేనిదానికి కూడా అర్థమైంది. ఇటలీలో రక్తంలో మద్యం లీటరుకు 0.5 గ్రాములు దాటితే కారు నడపడం నేరం. వేరే తోటలకు వెళ్లినప్పుడు మావారు రుచి చూసి ఉమ్మేయవలసి వచ్చింది కాని, ఇక్కడ మెట్లెక్కితే గది. తోటలోనే బస చేయడానికి నాకు కనిపించిన గట్టి కారణం ఇదే.

స్పా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గంట ముందుగా రాయించుకోవాలి, నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

భోజనం దగ్గర హోటల్ మమ్మల్ని నిరాశపరిచింది. పెద్ద పళ్లెంలో చిన్న ముద్దలు, మనిషికి 85 యూరోలు, వంటకానికీ వంటకానికీ మధ్య అరగంట. మూడో రోజు మధ్యాహ్నం గ్రేవేలోని ముక్కోణపు కూడలి దగ్గర ఒక చిన్న హోటల్లో తిన్న రిబొల్లీతా, అంటే నల్ల క్యాబేజీ, చిక్కుడు గింజలు, నిలవ రొట్టె కలిపి మళ్లీ కాచిన చిక్కటి సూపు, మాకు ఎక్కువ నచ్చింది. తొస్కానా రొట్టెలో ఉప్పు వేయరు. విడిగా తింటే చప్పగా ఉండే ఆ రొట్టె ఈ సూపులో ఎందుకు కుదురుతుందో అప్పుడు తెలిసింది. అయితే రాత్రిపూట ఊళ్లోకి వెళ్లి తిందామంటే, చివరి రెండు కిలోమీటర్లు దీపాలు లేని తెల్ల కంకర దారి, టాక్సీ కావాలంటే ముందు రోజే చెప్పాలి. హోటల్ భోజనశాల నిండుగా ఉండడానికి వంట ఒక్కటే కారణం కాదని నా అనుమానం.

మళ్లీ వెళితే మొదటి రెండు రాత్రులు గ్రేవే ఊళ్లో మామూలు గది తీసుకుని, కాస్తెల్లీనా, రాద్దా, వోల్పాయా ఊళ్లు అప్పుడే తిరిగేసి, చివరి రోజు మాత్రం ఈ కొండ మీదికి వచ్చి, కారు తాళం బల్ల మీద పడేసి కదలకుండా ఉంటాము. బుక్ చేసేటప్పుడు గది ఎటు తిరిగి ఉంటుందో రాతపూర్వకంగా అడిగి తీసుకుంటాము.