సైకిల్ ర్యాక్ కొనేవాళ్ళూ జాగ్రత్త: "అన్ని కార్లకూ సరిపోతుంది" అంటే నమ్మకండి

కారు డిక్కీకి బెల్టులతో కట్టుకునే సైకిల్ ర్యాక్ కోసం ఆన్‌లైన్లో వెతుకుతున్నవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది ఒకసారి చదవండి. నేను కొన్నదాని పేరు రాయడం లేదు. దాదాపు అదే డిజైన్ వేరే పేర్లతోనూ కనిపిస్తోంది, ఒక పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది. పేరు కన్నా దాని లక్షణాలు తెలిస్తే చాలు.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో "యూనివర్సల్, అన్ని కార్లకూ సరిపోతుంది" అని ఉంది. బిగించాక చూస్తే గట్టిగానే ఉంది, ఊపితే కదల్లేదు. హైవే ఎక్కి కొంత దూరం పోయాక అద్దంలో చూస్తే సైకిళ్ళు పక్కకి ఒరిగి ఉన్నాయి, ఆపి దిగి చూస్తే పై బెల్టు జారి వదులైపోయింది. అది పళ్ళున్న చిన్న బకిల్, బెల్టు లాగితే పట్టుకుంటుంది కానీ అదేపనిగా అదురుతుంటే కొంచెం కొంచెంగా వదిలేస్తుంది. పైగా బెల్టు నైలాన్‌ది. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఆ రోజు జల్లు కూడా పడింది. పాలియెస్టర్ బెల్టయితే అంత సాగదు. మిగిలిన బెల్టు కొసని బకిల్ దగ్గర ముడివేసుకునే వీలు ఉండాలి, దీనికి ఆ పొడవు కూడా ఇవ్వలేదు.

ఇక నష్టం సంగతి. ర్యాక్ కాళ్ళకి స్పాంజి తొడుగు ఉంది, కానీ చివర్లో ప్లాస్టిక్ మూత అంచు అర మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చి ఉంది. స్పాంజికీ పెయింటుకీ మధ్య దుమ్ము చేరి, ర్యాక్ అదిరినప్పుడల్లా అదే చోట రాసుకుంటూ డిక్కీ తలుపు మీద నెలవంక ఆకారంలో గీత పడింది. గోరు పెడితే తగులుతోంది, అంటే పాలిష్‌తో పోయేది కాదు. అది కూడా పోనీ అనుకోవచ్చు, లోపలివైపు సైకిల్ పెడల్ బయటి సైకిల్ ఫ్రేమ్ కింది గొట్టాన్ని దారంతా కొడుతూనే ఉంది. అది కార్బన్ ఫైబర్ ఫ్రేమ్. పైకి చూస్తే చిన్న పెయింటు పెచ్చు ఊడింది అంతే, కానీ నాణెంతో తట్టి చూస్తే చుట్టూ టంగుమని, అక్కడ మాత్రం మొద్దు శబ్దం వస్తోంది. అల్యూమినియం అయితే సొట్ట పడి కనిపిస్తుంది, కార్బన్‌లో లోపలి పొరలు విడిపోయినా పైకి తెలియకపోవచ్చు. అలాంటి ఫ్రేమ్ మీద పరీక్ష చేయించకుండా ఎక్కకండి.

అమ్మినవాళ్ళు మొదట "మీరు సరిగ్గా బిగించి ఉండరు" అన్నారు, ఫొటోలు పంపాక "వారంటీ ర్యాక్‌కే, కారుకీ సైకిళ్ళకీ కాదు" అన్నారు. ఈ రెండో మాట చాలా ర్యాక్‌ల వారంటీ పత్రాల్లో ఉంటుంది, కొనేముందు ఎవరు చదువుతారు చెప్పండి!

అసలు తేడా ఎక్కడంటే, థూలే, యాకిమా, సారిస్ లాంటి కంపెనీలు కారు మోడల్, తయారైన సంవత్సరం ఇస్తే ఏ ర్యాక్ పడుతుందో, ఏది పడదో చెబుతాయి. వెనక స్పాయిలర్ (డిక్కీ మీద రెక్కలా ఉండే భాగం) ఉన్నా, డిక్కీ తలుపు ప్లాస్టిక్‌ది అయినా, బెల్టు హుక్కు తగిలించే అంచు గాజు అయినా కొన్ని ర్యాక్‌లు పెట్టొద్దని స్పష్టంగా రాస్తాయి. "పడదు" అని ఎక్కడా చెప్పని అమ్మకందారుని నేనైతే ఇక నమ్మను. కారు మాన్యువల్‌లో కూడా డిక్కీ తలుపుకి ర్యాక్ కట్టొచ్చో లేదో ఉంటుంది, చూడండి.

బరువు గురించి కూడా మోసపోకండి. ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్కటే 20 నుంచి 25 కిలోలు తూగుతుంది, "మూడు సైకిళ్ళు" అని రాసిన ర్యాక్ మూడు మామూలు సైకిళ్ళకే అని అర్థం. బ్యాటరీ తీసి కారులో పెట్టుకోవడం ఎలాగూ మంచిది. కారు వెనక ట్రెయిలర్ తగిలించే హుక్కుకి బిగించే రకం అయితే, ఆ హుక్కు మోసే పరిమితిలో ర్యాక్ సొంత బరువు కూడా కలిపి లెక్కేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

కార్బన్ సైకిలుంటే పై గొట్టాన్ని పట్టుకుని వేలాడదీసే ర్యాక్ జోలికే వెళ్ళకండి. ఆ గొట్టాలు తొక్కినప్పుడు పడే బలాన్ని మోయడానికి చేసినవి, పక్కల నుంచి నొక్కడానికి కాదు. చక్రాలని పట్టుకునే ప్లాట్‌ఫారం రకం ఖరీదెక్కువే, కానీ ఫ్రేమ్‌ని అసలు ముట్టుకోదు. టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా వేలాడుతోందేమో కూడా చూసుకోండి, వేడిపొగ నేరుగా తగిలితే టైరూ రిమ్మూ రెండూ పాడవుతాయి. నంబర్ ప్లేటూ వెనక లైట్లూ కప్పేస్తున్నా ఇబ్బందే.

సీట్లు మడిచి లోపల పట్టేలా ఉంటే ర్యాక్ టెన్షనే లేదు. ముందు చక్రం తీసి, గేర్లు మార్చే భాగం పైకి ఉండేలా పడుకోబెట్టండి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే చక్రం తీసిన చోట ప్యాడ్‌ల మధ్య ప్లాస్టిక్ ముక్క గానీ మడిచిన అట్ట గానీ తప్పకుండా పెట్టండి, లేకపోతే ఎవరైనా బ్రేకు నొక్కగానే ప్యాడ్‌లు దగ్గరికొచ్చేసి చక్రం మళ్ళీ ఎక్కదు. డిస్కు మీద సామాను పెట్టొద్దు, కొంచెం వంగినా రాసుకుంటూనే ఉంటుంది.

ఇప్పటికే అలాంటి ర్యాక్ కొనేసినవాళ్ళు వాపసు గడువు దాటకముందే కాళ్ళ చివర మూతల మీద వేలు పెట్టి అంచు తగులుతుందేమో చూడండి, బకిల్ బిగించి బెల్టుని గట్టిగా కుదిపి జారుతుందేమో చూడండి. తేడా ఉంటే కారుకి ఎక్కించకముందే ఫొటోలు తీసి, ఫిర్యాదు ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా పెట్టండి.