మంథలీ కాటా మీద 21 కిలోలు

నేపాల్‌లో ఎవరెస్ట్ వైపు నడక మొదలయ్యే ఊరు లుక్లా. అక్కడికి వెళ్లే చిన్న విమానంలో మనిషికి 15 కిలోల సామానే. పెద్ద బ్యాగు 10, చేతి సంచి 5. ఈ సంగతి హైదరాబాద్‌లో సర్దుకునేటప్పుడే తెలుసు, అయినా మంథలీలో తెల్లవారుజామున కాటా మీద పెడితే నావి రెండూ కలిపి 21 తూగాయి. మేం వెళ్లింది ఎవరెస్ట్ ప్రాంతంలోనే ఉన్న ఐలాండ్ పీక్ అనే శిఖరానికి, అంటే ఇమ్జా త్సే, 6,189 మీటర్లు. సీజన్‌లో లుక్లా విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాకుండా రామేఛాప్ జిల్లా మంథలీ నుంచి ఎగురుతాయి, అందుకని అర్ధరాత్రి దాటాక కాఠ్మాండూలో టూరిస్టులుండే తమేల్‌లో జీపెక్కి నాలుగైదు గంటలు మలుపుల్లో కడుపు చేత్తో పట్టుకుని రావాలి. ఆ స్థితిలో కౌంటర్ దగ్గర బ్యాగు విప్పి సర్దడం ఎంత నరకమో ఊహించుకోండి.

నా అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు లుక్లాలో మబ్బు పట్టి విమానాలే కదల్లేదు. మంథలీలో దొరికిన బస గురించి గొప్పగా చెప్పడానికేం లేదు, రేకుల గది, రెండు మంచాలు, కింద టీ కొట్టు, కానీ పప్పూ అన్నం వేడిగా పెట్టారు, ఓనరు మంచాయన. పనేం లేక సామానంతా మంచం మీద పరిచి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, నా బరువంతా "ఒకవేళ" అనే మాటదే అని. ఒకవేళ తడిస్తే అని నాలుగు ప్యాంట్లు, ఒకవేళ చార్జింగ్ దొరక్కపోతే అని రెండు పవర్ బ్యాంకులు, ఒకవేళ జ్వరమొస్తే అని చిన్న మెడికల్ షాపు, ఒకవేళ తిండి నచ్చకపోతే అని అమ్మ సర్దిన కిలో ఆవకాయ, అదీ గాజు సీసాలో. కెమెరా లెన్సు ఇంకొకటి. కాటన్ తువ్వాలు (తడిస్తే రెండు రోజులైనా ఆరదు, ఆ చలిలో అసలే ఆరదు). ఆరు కిలోలు తీసేసి ఒక సంచిలో కట్టి, తిరుగు ప్రయాణంలో తీసుకుంటానని ఓనరు దగ్గర పెట్టేశాను.

ఆ ఆరు కిలోల్లో పదిహేడు రోజుల పాటు నేను వెతుక్కున్నది ఒకే ఒక్కటి, రెండో జత మిట్టెన్లు (వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మందపాటి చేతి తొడుగులు). దాని సంగతి తర్వాత చెప్తాను.

బట్టల విషయానికొస్తే రెండు జతలు చాలు, నిజంగా చాలు. నడవడానికి ఒకటి, పడుకోవడానికి ఒకటి. ఒంటికి అంటి ఉండే ఉన్ని బేస్ లేయర్లు రెండు, ఫ్లీస్, ఈకలు నింపిన డౌన్ జాకెట్, పైన గాలి ఆపే షెల్. దారిలో వచ్చే నామ్చే (3,440 మీటర్లు), దింగ్‌బోచే (4,410) రెండు ఊళ్లలోనూ ఎత్తు అలవాటు కావడానికి ఒక్కో రోజు అదనంగా ఆగుతాం కదా, ఉతుక్కోవడం అక్కడే. వాసన గురించి టెన్షన్ వద్దు, అందరిదీ అదే వాసన. స్లీపింగ్ బ్యాగు కొనకండి, తమేల్‌లో అద్దెకు దొరుకుతుంది, కానీ జిప్పు పైనుంచి కిందిదాకా మీరే లాగి చూసుకుని తీసుకోండి.

లాడ్జీల్లో గది అద్దె తక్కువే, భోజనం అక్కడే చేయాలన్నది షరతు. పైకి వెళ్లేకొద్దీ ప్రతిదానికీ ధర పెరుగుతుంది, శిఖరానికి ముందు చివరి ఊరైన చుఖుంగ్‌లో దాల్‌భాత్ వెయ్యి నేపాలీ రూపాయలకు అటూ ఇటూ పడింది (మన 100 వాళ్ల 160), అయితే మళ్లీ మళ్లీ వడ్డిస్తారు కాబట్టి గిట్టుబాటే. చార్జింగ్‌కి, వైఫైకి, వేడినీళ్లకి వేరే లెక్క. ఒక పవర్ బ్యాంకు చాలు, కానీ రాత్రి ఫోనుతో పాటు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి, చలికి బ్యాటరీ దిగిపోతుంది. నీళ్లకు ట్యూబు సంచి కాకుండా వెడల్పు మూతి సీసాలు రెండు తెచ్చుకోండి. ట్యూబు గడ్డ కడుతుంది. సీసాలో రాత్రి వేడినీళ్లు పోయించుకుంటే కాళ్ల దగ్గర హీటరు.

ఇక బూట్లు. ఇక్కడే నేను తెలివి ఎక్కువై దెబ్బతిన్నాను. శిఖరం ఎక్కే డబుల్ బూట్లు (లోపల ఇంకో పొర ఉండేవి) జత రెండు కిలోలు దాటతాయని, చుఖుంగ్‌లో అద్దెకిస్తారని విని ఖాళీ చేతులతో వెళ్లాను. నా సైజు 9, అప్పటికి మిగిలింది 10. రెండు జతల మేజోళ్లు వేసి సర్దుకున్నాను. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు, దిగేటప్పుడు ప్రతి అడుగుకీ వేళ్లు ముందుకు గుద్దుకుని రెండు గోళ్లు నల్లబడ్డాయి. అందుకని నా మాట వింటే హార్నెస్ (తాడుకి తగిలించుకునే నడుము పట్టీ), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), జుమార్ (తాడు పట్టుకుని పైకి జరిగే పిడి) చుఖుంగ్‌లో తీసుకోండి, బూట్లు మాత్రం కాఠ్మాండూలోనే తొడిగి, మెట్లు ఎక్కి దిగి చూసి, వాటికి సరిపోయే క్రాంపాన్లతో (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు) సహా తీసుకోండి. విమానంలో బరువంటారా, కాళ్లకే వేసుకుని ఎక్కండి. నవ్వుతారు, నవ్వనీయండి, కాళ్లను ఎవరూ కాటా మీద పెట్టరు.

బేస్ క్యాంపు నుంచి రాత్రి ఒంటిగంటకి బయల్దేరాం. హిమానీనదం దాటి, నిచ్చెనల మీదుగా, చివరి మంచుగోడకి కట్టిన తాడు దగ్గరికొచ్చేసరికి తెల్లారింది. జుమార్ సర్దుకోవడానికి కుడి మిట్టెన్ తీశాను, దానికి మణికట్టు తాడు కట్టుకోలేదు, చూస్తుండగానే జారి కిందికి పోయింది. రెండో జత ఎక్కడుంది? మంథలీలో, ఆవకాయ పక్కన. మా గైడు దాయ్ (నేపాలీలో అన్న) ఏమీ అనకుండా తన బ్యాగులోంచి ఒకటి తీసిచ్చాడు. ఆయన సంచి నా సంచిలో సగం ఉంటుంది, దాంట్లో అదనపు మిట్టెన్లున్నాయి. పైకెక్కాను గానీ శిఖరం మీద ఎదురుగా ఉన్న లోత్సే పర్వతం గోడను చూసిందానికంటే ఆ చేతిని చూసుకున్నదే ఎక్కువ. ప్యాంట్లు తగ్గించండి, చేతివి తగ్గించకండి.

పోర్టరు గురించి ఒక్క మాట. ఇద్దరికి ఒకరు, అంటే ఆయన వీపు మీద ముప్ఫై కిలోల దాకా. "ఎలాగూ మోసేది వాళ్లే కదా" అని మాతో వచ్చినతను కుర్చీ లాంటిదేదో కూడా తెచ్చాడు, నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. దిగేటప్పుడు నామ్చేలో ముక్కలు చేసిన చెత్త కిలో సంచుల్లో కట్టి ఉంచుతారు, ఇష్టమున్నవాళ్లు లుక్లా దాకా మోసుకెళ్లొచ్చు. అన్ని కిలోలు వదిలించుకున్నాక ఇది తగిలించుకోవడం తమాషాగా ఉంది గానీ ఆ కుర్చీ మనిషి చేత కూడా ఒకటి మోయించాను.

మంథలీలో నా సంచి కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆ రాత్రి సీసా తెరిచి ఆవకాయ అన్నంలో కలిపి పెడితే ఓనరు మూడుసార్లు వేయించుకున్నాడు. మిగిలిన ముప్పావు కిలో ఆయనకే వదిలేసి కాఠ్మాండూ జీపెక్కాను.